సంధిపత్రములు – సంతకము లేని మూడవవాడు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గ్రామ లెక్కల ఉద్యోగి యొకరు చేసిన ప్రసంగపు పాఠము)

  

ఇరువదియైదేండ్ల క్రిందట ఒక చెక్క బీరువాతో మొదలైన ఈ గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ శుభసమయమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను పండితుడను కాను. ఏ కళాశాల మెట్లును ఎక్కినవాడను కాను. పగలు గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, సాయంకాలమున ఈ సావడిలో కూర్చుండి, భారతమును, పంచతంత్రమును, కౌటిల్యుని అర్థశాస్త్రమును నిఘంటువు సాయముతో కూడబలుకుకొని చదువుకొన్నవాడను. కనుక నా మాటలలో దోషములున్నచో పెద్దలు మన్నింతురుగాక.

పురాణ విషయమేదైన చెప్పుదునని మీరనుకొనియుందురు. కాని నేడు నేను రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు ఐరోపా రాజ్యములు చేసికొని, పిదప తామే చింపివేసికొన్న సంధులనుగూర్చి మాటాడదలచితిని. ఆ సంగతితో మనకేమి పని యని మీకు తోచవచ్చును. రెండు కారణములు కలవు. పత్రములు వ్రాయుట, చదువుట నా వృత్తి. అది మొదటి కారణము. రెండవదానిని చివర చెప్పెదను. అది నేను చేసిన యొక తప్పునకు సంబంధించినది.

మన పూర్వులు రాజనీతిని సంధి, విగ్రహము, యానము, ఆసనము, ద్వైధీభావము, సంశ్రయము అని ఆరు గుణములుగా విభజించిరి. వీనిలో మొదటిది సంధి. కౌటిల్యుడు దానిని షరతుతో కూడిన కట్టుబాటుగా చెప్పినాడు. ఆ షరతు అను మాటను మరువరాదు. స్నేహమునకు షరతు లేదు. సంధికి షరతే ప్రాణము. ఆ మహానుభావుడే మరియొక చోట, సత్యముతోను ప్రమాణముతోను చేసికొన్న సంధి ఇహపరములు రెండింటను నిలుచుననియు, పూచీని గాని తాకట్టు మనిషిని గాని నమ్ముకొన్న సంధి ఈ లోకమునకే చెల్లుననియు, అదియు బలముపై నాధారపడి యుండుననియు విచారించినాడు. ఇరువదవ శతాబ్దపు ఐరోపాలో ప్రమాణము పోయినది, పూచీయు పోయినది, సంతకము మాత్రము మిగిలినది.

1928 ఆగస్టు 27వ తేదీన పారిస్ నగరమున 15 రాజ్యముల ప్రతినిధులు కూడి, ఇక యుద్ధమును రాజనీతికి సాధనముగా వాడబోమని వ్రాసికొనిరి. జర్మనీ, ఇటలీ, జపాను మూడును ఆ పదునైదింటిలోనివే. మన దేశము పేరును అందు కలదు. కాని మన తరఫున సంతకము చేసినవాడు బ్రిటిషు ప్రతినిధియే. ఆ పత్రములో మాటలు ముత్యములవలె నున్నవి. మాట తప్పినవానిని ఏమి చేయవలెనో మాత్రము వ్రాయలేదు. మూడేండ్లు గడచినవో లేదో, 1931లో జపాను మంచూరియాపై పడినది. పత్రము పత్రముగనే యుండెను.

అందరు కలిసి చేసికొన్న ఒడంబడిక నిలువకున్నను, ఇద్దరిద్దరు చేసికొన్నది నిలుచునేమో యని రాజ్యములు తలపోసినవి. ఒకరిపై నొకరు దండెత్తబోమని వ్రాసికొను ఇట్టి సంధులకు అనాక్రమణ సంధులని పేరు. ఇందు పోలెండు కథ ముఖ్యమైనది. పడమట జర్మనీ, తూర్పున సోవియట్ రష్యా, నడుమ పోలెండు. ఇద్దరు మోతుబరుల కమతముల మధ్య చిక్కిన చిన్న రైతు చేనువంటిది దాని స్థితి. అది ఇరువైపుల జాగ్రత్తపడినది. 1932 జూలై 25వ తేదీన రష్యాతోను, 1934 జనవరి 26వ తేదీన జర్మనీతోను ఒడంబడికలు చేసికొన్నది. జర్మనీతోడిది పదేండ్ల గడువు కలది. రష్యాతోడి దానిని 1945 చివరివరకు పొడిగించిరి. కాగితములు చూచినచో పోలెండునకు ఏ భయమును లేదు. 1939లో ఆ ఇరువురే దానిని చెరిసగము పంచుకొనిరి.

ఇది యెట్లు జరిగినదో కొంచెము నిదానముగా చూతము.

1938 సెప్టెంబరులో మ్యూనిక్ నగరమున జర్మనీ, ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్సు అను నాలుగు రాజ్యముల యధిపతులు కూడి, చెకొస్లొవేకియా దేశపు సరిహద్దు ప్రాంతమును హిట్లరునకు ఇప్పించిరి. ఆ దేశపు ప్రతినిధులు అదే నగరములో నుండియు సభలోనికి రానీయబడలేదు. తమ భూమి సంగతి తీర్మానమైన తరువాత వారికి తెలియజేసిరి. శాంతిని కొని తెచ్చితినని సంతసించి బ్రిటిషు ప్రధాని చేంబర్లేను ఇల్లు చేరెను. ఆరు నెలలైనను తిరుగకుండ 1939 మార్చి 15వ తేదీన జర్మను సేనలు ప్రాగ్ నగరమున ప్రవేశించినవి. ఏప్రిల్ 28వ తేదీన హిట్లరు తన శాసనసభలో ఉపన్యసించుచు, పోలెండుతోడి పదేండ్ల ఒడంబడిక చెల్లదని ప్రకటించెను. దానికప్పటికి ఐదేండ్లు నిండి మూడు నెలలు.

అప్పుడు పోలెండునకు మిగిలిన ఆశ బ్రిటన్, ఫ్రాన్సులు ఇచ్చిన మాట. ఆ రెండు రాజ్యములును రష్యాను తమ ప్రక్కకు తెచ్చుకొనినచో జర్మనీ జంకును. కాని ఆ పనికై వారు పంపిన సైనిక ప్రతినిధులు విమానములో గాక నెమ్మదిగా నడచు ఓడలో పయనమై, ఆగస్టు రెండవ వారమున మాస్కో చేరిరి. బ్రిటిషు ప్రతినిధివర్గ నాయకునివద్ద సంతకము చేయుటకు వలయు అధికారపత్రము లేదు. వకాల్తానామా లేకుండ వాజ్యమునకు పోయినట్లున్నది! రష్యా సేనలను పోలెండు తన నేలపై నడువనిచ్చునా యను ప్రశ్న వచ్చినది. పోలెండు ఒప్పుకొనలేదు, దాని భయము దానిది. సంప్రదింపు లక్కడనే చిక్కుకొన్నవి.

జర్మనీ ఆలస్యము చేయలేదు. విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ ఆగస్టు 23వ తేదీన మాస్కోలో దిగెను. ఆ రాత్రియే అతడును, సోవియట్ విదేశాంగ మంత్రి మొలొటోవును, స్టాలిన్ సమక్షమున అనాక్రమణ సంధిపై సంతకములు చేసిరి. గడువు పదేండ్లు, అంశములు ఏడు. అంతవరకు ఒకరినొకరు పరమశత్రువులని నోరార తిట్టుకొన్నవారు ఒక్క రాత్రిలో చేతులు కలుపుకొనుట చూచి లోకము నివ్వెరపోయినది.

నేనీ సంధిపాఠమును ఒక దస్తావేజును పరీక్షించినట్లు పరీక్షించితిని. పోలెండుతో రష్యా 1932లో చేసికొన్న సంధిలో ఒక వాక్యము కలదు. ఉభయులలో ఒకరు మూడవ రాజ్యముపై దండెత్తినచో రెండవవారు ఈ కట్టుబాటునుండి విడిపోవచ్చునని దాని భావము. అనాక్రమణ సంధులలో అది వాడుకగా వచ్చు షరతు. 1939 నాటి పత్రములో ఆ షరతు లేదు. వ్రాతగాండ్రు మరచిరని నేననుకొనను. మూడవవానిపై దండయాత్ర జరుగునని ఇరువురకును ముందే తెలిసినప్పుడు ఆ వాక్యమెట్లు వ్రాయుదురు? మా వృత్తిలో పెద్దలు చెప్పు మాట యొకటి కలదు: దస్తావేజులో వ్రాసినది రెండు మారులు చదువుము, వ్రాయనిది మూడు మారులు చదువుము.

ఆ వ్రాయనిది వేరొక కాగితముపై వ్రాసిరి. అదియే రహస్యానుబంధము. ఫిన్లండు, ఎస్తోనియా, లాత్వియాలు రష్యా వంతు. లిథువేనియా జర్మనీ వంతు. పోలెండునకు నరేవ్, విస్తులా, సాన్ నదులు హద్దు. ఇవతలిది నీది, అవతలిది నాది. రుమేనియాకు చెందిన బెస్సరేబియాపై రష్యాకు ఆసక్తి, జర్మనీకి అక్కరలేదు. చెక్కుబందీ అంతయు చక్కగా కుదిరినది. కాని ఆ భూములలో అమ్మినవానిది గాని కొన్నవానిది గాని ఒక్క సెంటైన లేదు. తరువాత సెప్టెంబరు 28వ తేదీన లిథువేనియాను రష్యా తీసికొని, దానికి బదులుగా పోలెండులో మరికొంత నేలను జర్మనీకి విడిచినది. లిథువేనియాలో ఒక చిన్న పట్టీ మాత్రము జర్మనీకి మిగిలియుండగా, 1941 జనవరిలో దానిని రష్యా 75 లక్షల బంగారు డాలర్లకు బేరమాడినది. ఇంతకంటె వింత క్రయపత్రము నేను చదివియుండలేదు. ఇతరుని పొలమును, ఇతరుడు, ఇంకొక ఇతరునికి రొక్కము పుచ్చుకొని వదలుకొనుట!

సంతకములైన తొమ్మిదవ నాడు, 1939 సెప్టెంబరు 1వ తేదీన, జర్మనీ పోలెండుపై పడినది. 17వ తేదీన రష్యా తూర్పునుండి ప్రవేశించినది. 1945వరకు గడువున్న సంధి ఆనాడే తీరినది. నవంబరు 30వ తేదీన రష్యా ఫిన్లండుపై దండెత్తినది. వారి నడుమను 1932 నాటి అనాక్రమణ సంధి కలదు. ఇందుకు డిసెంబరు 14వ తేదీన నానాజాతి సమితి రష్యాను వెలివేసినది. జర్మనీ 1939 మే 31వ తేదీన డెన్మార్కుతో అనాక్రమణ సంధి చేసికొని, 1940 ఏప్రిల్ 9వ తేదీన ఆ దేశమును ఆక్రమించినది. 1940 వేసవిలో మూడు బాల్టిక్ దేశములు రష్యాలో కలిపివేయబడినవి. ఒక్కొక్క దేశము పెట్టెలో ఒక్కొక్క సంధిపత్రము భద్రముగ నుండెను.

ఇక ఆ ఇరువురి నడుమ నున్న సంధి గతి యేమైనది?

ఇచ్చట భారతములోని శాంతిపర్వ కథ యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. ఒక మఱ్ఱిచెట్టు క్రింద లోమశుడను పిల్లి వలలో చిక్కినది. పలితుడను ఎలుక సంతసించి తిరుగుచుండగా, నేలపై ముంగిసయు కొమ్మపై గుడ్లగూబయు తనకొరకు పొంచియుండుట చూచినది. అప్పుడా ఎలుక తన సహజశత్రువైన పిల్లితో సంధి చేసికొని, దాని ఒడిలో దాగినది. అది చూచి ముంగిసయు గుడ్లగూబయు తొలగిపోయినవి. త్రాళ్లు కొరుకుమని పిల్లి తొందరపెట్టినను ఎలుక తొందరపడలేదు. వేటకాడు కంటబడిన క్షణముననే చివరి త్రాడు కొరికి, తాను కలుగులో దూరినది. పిదప పిల్లి వచ్చి స్నేహితుడా రమ్మని ఎంత పిలిచినను బయటికి రాలేదు. కారణము తీరినది, సంధియు తీరినది అని దాని నీతి.

స్టాలినునకు ఈ ఎలుక బుద్ధి సగమే యుండెను. అవసరమునకు శత్రువుతో సంధి చేసికొనుట తెలిసినది. కారణము ఎప్పుడు తీరునో కనిపెట్టుట తెలియలేదు. హిట్లరు సంధి కోరినది పడమట ఫ్రాన్సుతోను బ్రిటనుతోను యుద్ధమున్నంతకాలము తూర్పున శాంతి కావలసియే. 1940 జూనులో ఫ్రాన్సు లొంగిపోయినది. అనగా కారణము తీరుచు వచ్చినది. ఆ డిసెంబరు 18వ తేదీననే హిట్లరు రష్యాపై దండయాత్రకు ఆజ్ఞాపత్రము వ్రాసెను. రష్యా మాత్రము 1940 ఫిబ్రవరి వర్తక ఒప్పందము ప్రకారము ధాన్యమును, నూనెను తప్పక పంపుచునే యుండెను. ముప్పు వచ్చుచున్నదని బ్రిటిషు ప్రధాని చర్చిలు తెలిపినను, జపానులోనుండి తన వేగు సోర్గే తెలిపినను స్టాలిన్ నమ్మలేదు. 1941 జూన్ 22వ తేదీ తెల్లవారుజామున ముప్పది లక్షల జర్మను సేన సరిహద్దు దాటినది. ఆ రాత్రివరకు సరకుల బండ్లు సరిహద్దు దాటి జర్మనీకి పోవుచునే యుండెనట!

లెక్క వేసి చూచితిని. పదేండ్లకు వ్రాసిన సంధి బ్రదికినది 669 దినములు. అనగా ఇరువదిరెండు నెలలకు ఒకనాడు తక్కువ. ఆ యుద్ధములో సోవియట్ ప్రజలలో సుమారు 2 కోట్ల 70 లక్షలమంది మరణించిరని గణకుల అంచనా. పోలెండు పౌరులలో సుమారు 60 లక్షలమంది మరణించిరి.

మరియొక సంధి కలదు. అది కొంతకాలము నిలిచినది. 1941 ఏప్రిల్ 13వ తేదీన రష్యా, జపానులు ఐదేండ్లకు తటస్థ సంధి చేసికొన్నవి. రష్యాకు పడమట భయము. జపానునకు దక్షిణపు సముద్రములపై ఆశ. ఇరువురకును అవసరము సమానముగ నున్నందున నాలుగేండ్లు నడచినది. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో స్టాలిన్, జర్మనీ లొంగిన రెండు మూడు నెలలలో జపానుపై యుద్ధమునకు వత్తునని మిత్రరాజ్యములకు మాట యిచ్చెను. జర్మనీ మే 8వ తేదీన లొంగినది. రష్యా ఆగస్టు 8వ తేదీన జపానుపై యుద్ధము ప్రకటించినది. యాల్టాలో ఇచ్చిన మాట దినము తప్పకుండ చెల్లినది. జపానునకు ఇచ్చిన మాట గడువు ఇంకను ఎనిమిది నెలలుండగనే తీరినది. ఒక మాట చెల్లించుటకు ఇంకొక మాట తప్పవలసి వచ్చినది.

ఈ సంధి పరోక్షముగా మన తీరమునకును తగిలినదని చెప్పవచ్చును. ఉత్తరమున రష్యా భయము తగ్గిన జపాను దక్షిణమునకు దిగి, బర్మా, మలయా, సింగపూరులను పట్టినది. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు వేసినవి. అంతకుముందు 1939 సెప్టెంబరు 3వ తేదీన వైస్రాయి లిన్‌లిత్‌గో, ఒక్క భారతీయ నాయకునైనను సంప్రదింపకయే భారతదేశము యుద్ధములో నున్నదని ప్రకటించెను. అందుకు నిరసనగా కాంగ్రెసు మంత్రివర్గములు రాజీనామా చేసినవి. మద్రాసులోని రాజాజీ మంత్రివర్గము అక్టోబరులో తొలగినది. మ్యూనిక్‌లో చెక్కు ప్రతినిధి యెట్టివాడో, ఆనాడు మనమును అట్టివారమే. పత్రములో మన దేశమున్నది, మనము లేము.

ఇప్పుడు నా తప్పు చెప్పెదను.

చాల ఏండ్ల క్రిందట ఇద్దరు రైతులు బోదె నీటికై తగవులాడి, చివరకు రాజీపడి, ఆ కరారును నాచేత వ్రాయించిరి. నేను చక్కని దస్తూరీతో, హద్దులు, వంతులు, గడియలతో సహా వ్రాసి, సాక్షులచేత సంతకములు చేయించి, గొప్ప పని చేసితినని గర్వించితిని. క్రొత్త బోదె వారిరువురి చేలలోనుండి గాక, నడుమనున్న ఒక వితంతువు చేనిలోనుండి పోవునట్లు వ్రాసితిని. ఆమెను ఎవ్వరును పిలువలేదు, నేనును పిలువలేదు. బోదె త్రవ్విన మరునాడు ఆమె మా అరుగుకడకు వచ్చి నిలుచుండి, "పంతులుగారూ, కాయితంలో నా చేనుందంట. మరి నేను లేనేంటండీ?" అని అడిగినది. నేను సమాధానము చెప్పలేకపోతిని.

ఏడాది తిరుగకుండ ఆ రైతులిద్దరును మరల కోర్టునకెక్కిరి. తనది కాని దానిని ఇద్దరు కలిసి పంచుకొన్నప్పుడు, ఒకనిపై నొకనికి నమ్మక మెక్కడినుండి వచ్చును? ఇతడు ఆమెను చేసినట్లే రేపు నన్నును చేయునని ప్రతివాడును ఎరుగును. అటుపై క్రొత్త కరారు వ్రాయవలసి వచ్చినప్పుడు, మొదట ఆమెను పిలిపించి, ఆమె ఒప్పుకొన్న గట్టుమీదుగా బోదె మళ్లించి, ఆమె వేలిముద్రనే ముందు వేయించితిని. ఆ బోదె నేటికిని పారుచున్నది. కాని నడుమ ఆమెకు పోయిన రెండు పంటల నష్టమును ఎవ్వరును ఇయ్యలేదు. నేనును ఇయ్యలేదు.

ఐరోపా సంధులను చదివినపుడెల్ల ఆమె ప్రశ్నయే నా చెవిలో వినబడుచుండును. సంధి నిలుచునా, నిలువదా యని తెలిసికొనుటకు సంతకములు చేసినవారి ముఖములు చూడవలదు. సంతకము చేయనివాని ముఖము చూడవలెను. ఇరువురును తమ తమ సొత్తులో కొంత వదలుకొని చేసికొన్న సంధికి బ్రదుకు కలదు. మూడవవాని సొత్తును పెట్టుబడిగా పెట్టి చేసికొన్నది సంధి కాదు. పంపకము ముగియువరకు ఇద్దరు తోడుదొంగలు పాటించు మౌనము.

ఇక గ్రంథాలయమునకును దీనికిని సంబంధమేమి? చెప్పి ముగించెదను. ఆ రహస్యానుబంధము లేనేలేదని సోవియట్ ప్రభుత్వము ఏబదియేండ్లు చెప్పినది. కాని జర్మనీలో ఎవరో ఆ పత్రమునకు ఛాయాచిత్రములు తీసి భద్రపరచియుండిరి. 1948లో అమెరికా ప్రభుత్వము దానిని అచ్చు వేయించినది. 1989 ఆగస్టు 23వ తేదీన, సంధికి సరిగా ఏబదియేండ్లు నిండిన నాడు, ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియాల ప్రజలు సుమారు ఇరువది లక్షలమంది, తాలిన్ మొదలు విల్నియస్ వరకు దాదాపు 600 కిలోమీటర్ల పొడవున చేతులు పట్టుకొని నిలిచిరి. వారు పిలువబడని మూడవవారి పిల్లలు, మనుమలు. ఆ డిసెంబరు 24వ తేదీన సోవియట్ ప్రజాప్రతినిధుల మహాసభయే ఆ రహస్యపత్రమును ఖండించినది. రెండేండ్లలో ఆ మూడు దేశములును స్వతంత్రములైనవి.

కాగితమును దాచువారెప్పుడును ఉందురు. దానిని భద్రపరచువారును, వెదకి చదువువారును ఉన్నంతకాలము ఆ దాపరికము శాశ్వతము కాదు. ఈ గ్రంథాలయమునకు వచ్చు యువకులకు నా విన్నపమిది. వార్తాపత్రికలో రెండు రాజ్యములు చేతులు కలిపిన బొమ్మ చూచినపుడు సంతోషింపుడు. శాంతి ఎప్పుడును కోరదగినదే. కాని ఆ బొమ్మలో లేనివాడెవడో, అతని చేను ఎచ్చట నున్నదో, ఇచ్చటి భూగోళ పటము తెరచి ఒక్కసారి చూడుడు. గ్రామములో కరారు వ్రాసికొనునపుడును అట్లే చేయుడు.

 ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొనుగాక. సెలవు.